టీలో పాలు, టైట్రేషన్, ఒక ఇంటర్వ్యూ

(మహాసభల విద్యాసదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాలయ్యాక, అందులోనూ గుత్తివంకాయ కూర వడ్డించిన భోజనాలయ్యాక, పక్క హాల్లో సినిమా వాళ్లతో ఫొటోలు దిగే కార్యక్రమం నడుస్తుండగా, దాన్ని వదులుకుని ఇక్కడికొచ్చి కూర్చున్న మీకు ప్రత్యేకంగా నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "విశ్వవిద్యాలయాల్లో పరిశోధక విద్యార్థులకు బోధనావకాశాలు: దరఖాస్తు, ఇంటర్వ్యూ". వినడానికి ప్రభుత్వ సర్క్యులర్ లా ఉంది. నేను దీన్ని నా కథలాగే చెప్తాను. సర్క్యులర్ చదివి నిద్రపోవడం కంటే ఒకరి అవస్థ విని నవ్వుకోవడం మేలు కదా.

మాది విశాఖపట్నం. ఉండేది ఐర్లండులో, రింగాస్కిడీ అనే ఊళ్లో. నిన్నటి నుంచి ఈ పేరు చెప్పగానే "ఎక్కడా?" అని అడిగినవాళ్లు పాతిక మంది పైనే. కార్క్ నగరానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, రేవు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఊరు చిన్నదే కానీ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. 1970ల నుంచి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. 1998లో బజారులోకి వచ్చిన ఫైజర్ వారి ఆ నీలం మాత్ర ఉందే, పెద్దలున్న సభలో దాని పేరెందుకు గానీ, అందులోని అసలు మందు తయారైంది మా ఊళ్లోనే. ఫ్రాన్సు వెళ్లే ఓడ మా ఊరి నుంచే బయల్దేరుతుంది. ఎదురుగా హాల్‌బోలీన్ ద్వీపం, ఐర్లండు నౌకాదళానికి అదే స్థావరం. రేవుకి అవతలి ఒడ్డున కోవ్ పట్నం. 1912లో టైటానిక్ చివరిసారిగా ఆగింది అక్కడే. 2004లో మా ఊళ్లో నౌకావిద్యా కళాశాల పెట్టారు. 2015లో కార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు సముద్ర పరిశోధనకని బోఫోర్ట్ భవనం కట్టారు. అందులో కృత్రిమంగా అలలు పుట్టించే పెద్ద పెద్ద తొట్లున్నాయి. గాలి వేగాన్ని అంకెల్లో చెప్పే బోఫోర్ట్ స్కేలు పెట్టిన ఆయన ఐర్లండు వాడే. మా ఊరి గాలికి ఆ స్కేలు చాలదని మా వారి అభిప్రాయం.

2005లో పెళ్లయ్యి నేను అక్కడికి వెళ్లాను. మా వారికి అక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాను, ఫస్ట్ క్లాసు. ఆ ఏడే పీహెచ్‌డీలో చేరాను. పొద్దున్నే బస్సెక్కి నగరానికి వెళ్లడం, చీకటి పడ్డాక బస్సెక్కి రావడం. చలికాలంలో అక్కడ నాలుగున్నరకే చీకటి, కాబట్టి నేను మరీ అంత కష్టపడ్డానని అనుకోకండి.

పీహెచ్‌డీ విద్యార్థులు ఫస్టియర్ వాళ్లకి ల్యాబ్ చెప్పే పనిని అక్కడ డెమాన్‌స్ట్రేటర్ అంటారు. మన డిగ్రీ కాలేజీల్లో కూడా ఒకప్పుడు ఈ మాటే ఉండేది, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో దీన్నే టీఏ అంటారు. రెండూ ఒకటేనని మనవాళ్లు అనుకుంటారు. కాదు. ఆ తేడా తెలియకే మా ఇంట్లో పెద్ద పొరపాటు జరిగింది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను, ముందు ఇంటర్వ్యూ.

నేను దరఖాస్తు పెట్టిన విభాగం పేరు చెప్పను. తప్పు నాదైనా సరే, వాళ్ల పేరెందుకు. దరఖాస్తు ఒక్క పేజీ. దానికి నేను అయిదు పేజీల బయోడేటా జతచేశాను. అందులో నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, ఇంటర్లో వచ్చిన మార్కులు, వ్యాసరచన పోటీలో బహుమతి, ఇవన్నీ ఉన్నాయి. లేనిదొక్కటే. నేను ఎవరికైనా ఏదైనా నేర్పానా అన్న సంగతి. డిగ్రీ చదివేటప్పుడు మూడేళ్ల పాటు మా వీధి పిల్లలు ఎనిమిది మందికి సాయంత్రాలు అరుగు మీద లెక్కలు చెప్పాను. అది రాయాలని తోచలేదు. అది ఉద్యోగమా ఏమన్నానా, చిన్నతనం అనుకున్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. లోపలికి వెళ్లగానే "గుడ్ మార్నింగ్ సార్" అని ముగ్గురికీ విడివిడిగా చెప్పాను. మధ్యలో కూర్చున్నది ఒక మేడమ్ అని తర్వాత గమనించాను. ఆవిడ చిరునవ్వు నవ్వి తన పేరు చెప్పి, పేరు పెట్టి పిలవమన్నారు. ప్రొఫెసర్ని పేరు పెట్టి పిలవడమే! ఆ రోజే కాదు, తర్వాత రెండేళ్ల దాకా నా వల్ల కాలేదు. పిలవాల్సిన ప్రతిచోటా దగ్గేదాన్ని.

"అయిదు నిమిషాల్లో టైట్రేషన్ గురించి చెప్పండి. మేము ఫస్టియర్ పిల్లలమనుకోండి" అన్నారు. నాకు పండగే. రెండో నిమిషానికల్లా నిర్వచనం, మోలారిటీ సూత్రం, ఇండికేటర్ల సిద్ధాంతం, పీహెచ్ వక్రరేఖ అన్నీ అప్పజెప్పేశాను. ఇంకా మూడు నిమిషాలు మిగిలాయి. వాళ్లు నన్ను చూస్తున్నారు. నేను గోడ మీది గడియారాన్ని చూస్తున్నాను.

అప్పుడు ఒకాయన అడిగాడు. "ఒక కుర్రాడు తొందరపడి ఎక్కువ పోసేశాడు. లేత గులాబీ రావాల్సింది, ముదురు రంగు వచ్చేసింది. ఏం చేస్తారు?" మళ్లీ చేయమంటానన్నాను. "ఎందుకో చెప్పరా?" అన్నాడాయన. మాన్యువల్లో ఉంటుందన్నాను. ఆఖరి ప్రశ్న మేడమ్ గారు అడిగారు. "విద్యార్థి అడిగిన దానికి మీకు జవాబు తెలియకపోతే?" నేను, ఇప్పటికీ తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది, "ఫస్టియర్లో నాకు తెలియనిది ఉండదు" అన్నాను.

ఉద్యోగం రాలేదు. వారం తర్వాత రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. నేను మాత్రం, నా ఇంగ్లీషు యాసకే ఇవ్వలేదని ఇంట్లో ఒకటే గొడవ. మా వారు ఏమీ అనకుండా విని, "వాళ్లడిగింది నీకు తెలుసా అని కాదేమో" అన్నారు. నాకింకా కోపమొచ్చింది.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. భర్త ఓడల మీద పనిచేసి పోయాడు. అప్పటికే ఆవిడకి డెబ్భై దగ్గర. పిలిచి టీ ఇవ్వడం ఆవిడకి అలవాటు. ఐరిష్ వాళ్లు మనలాగే పాల టీ తాగే జాతి, అందులో మనకీ వాళ్లకీ పేచీ లేదు. నా గోడంతా విని, "ఆ టైట్రేషన్ ఏదో నాకు చెప్పు, నేను బడి మానేసి యాభై ఏళ్లు దాటింది" అన్నారు. నేను మొదలుపెట్టాను. మోలారిటీ దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు. పని దేనికి?" అన్నారు.

దేనికంటే... సీసాలో ఆమ్లం ఎంత ఉందో తెలియదు. దానికి విరుగుడైన క్షారం కొద్దికొద్దిగా పోస్తూ, సరిగ్గా ఎంత పోస్తే చెల్లుకు చెల్లు అవుతుందో చూస్తాం. ఆ సమయం ఎప్పుడొచ్చిందో కంటికి కనపడదు కాబట్టి రంగు మారే చుక్క ఒకటి వేస్తాం. ఇది చెప్తుండగా ఆవిడ కప్పులో పాలు పోస్తున్నారు. టీ రంగు చూస్తూ, కొంచెం పోసి, కలిపి, ఇంకో చుక్క పోసి ఆపారు. నాకు అప్పుడు వెలిగింది. "ఇదేనండీ!" అన్నాను. కావలసిన రంగు వచ్చేదాకా పోస్తాం. దగ్గర పడ్డాక చుక్కచుక్కగా పోస్తాం. ఒక్క చుక్క ఎక్కువైతే వెనక్కి తీయలేం. అందుకే తొందరపడ్డ కుర్రాడు మళ్లీ చేయాలి. ఆవిడ కప్పు ఎత్తి, "అయితే నేను రోజుకి ఆరుసార్లు చేస్తున్నాను" అన్నారు.

జనవరిలో మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఈసారి ఒక్కటే పేజీ, అందులో మా వీధి అరుగు ఉంది. అదే ముగ్గురు. టీ కథ చెప్పాను. మేడమ్ గారు ఆ పాత ప్రశ్నే మళ్లీ అడిగారు. ఈసారి "తెలియదని చెప్పి, కనుక్కుని వచ్చే వారం చెప్తాను, వచ్చే వారం తప్పకుండా చెప్తాను" అన్నాను. కళ్లద్దాలు పెట్టుకోకుండా ల్యాబులోకి వచ్చిన విద్యార్థిని ఏం చేస్తారని అడిగారు. బయటికి పంపుతానన్నాను. "ఏడిస్తే?" "బయటికి పంపి, అద్దాలు ఎక్కడ దొరుకుతాయో చెప్తాను." వారానికి మూడు గంటల పని వచ్చింది.

ఇక మొదటి క్లాసు. కార్క్ పిల్లల ఇంగ్లీషు మన కోనసీమ తెలుగులా పాడుతున్నట్టుంటుంది, పైగా వేగం. ఒక కుర్రాడు వచ్చి "ఐయామ్ ఆఫ్టర్ బ్రేకింగ్ ద పిపెట్" అన్నాడు. పిపెట్ విరగ్గొట్టే ఉద్దేశంలో ఉన్నాడనుకుని, "వద్దు నాయనా, ఎందుకలా" అని బతిమాలాను. వాడు తెల్లబోయి చూస్తున్నాడు. వెనకాల ముక్కలు కనిపించాయి. ఐరిష్ ఇంగ్లీషులో ఆ మాటకి "ఇప్పుడే విరగ్గొట్టేశాను" అని అర్థమట. వాళ్ల ఐరిష్ భాషలోని వాక్యాన్ని ఇంగ్లీషు మాటల్లో పెట్టుకున్నారు, మనం చేసినట్టే. యాస గురించి ఇంతే చెప్తాను. వాళ్లది మనకి అర్థం కాకపోతే మళ్లీ అడుగుదాం, మనది వాళ్లకి అర్థం కాకపోతే నెమ్మదిగా చెప్దాం. మన తెలుగువాళ్లకి యాస కంటే వేగమే పెద్ద జబ్బు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి పీల్చుకుంటే సగం నయం.

ఇక్కడ జార్జ్ బూల్ గురించి ఒక్కమాట చెప్పాలి. కంప్యూటర్ వాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మీరు రోజూ వాడే బూలియన్ ఆయనదే. కార్క్ విశ్వవిద్యాలయం మొదట క్వీన్స్ కాలేజీగా మొదలైనప్పుడు, 1849లో, గణితానికి తొలి ప్రొఫెసర్ ఆయన. తండ్రి లింకన్ పట్నంలో చెప్పులు కుట్టేవాడు. వ్యాపారం దెబ్బతింటే ఇల్లు గడవడానికి పదహారో ఏటే పంతులు పనిలో చేరాడు, పందొమ్మిదో ఏట సొంతంగా బడి పెట్టాడు. డిగ్రీ లేదు. 1846లో దరఖాస్తు పెట్టి, పేరున్న గణితవేత్తల చేత సిఫారసు ఉత్తరాలు రాయించుకుని, మూడేళ్లు ఎదురుచూశాడు. వారం రోజులుగా జవాబు రాలేదని మన పిల్లలు ఫోన్లు చేసినప్పుడల్లా నేను ఈ కథ చెప్తుంటాను. ఆయన భార్య మేరీ, ఎవరెస్టు శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ గారి అన్నదమ్ముల బిడ్డ. ఆ ఎవరెస్ట్ గారు 1819లో మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడ్డారు. ఎక్కడి కార్క్, ఎక్కడి గోదావరి! 1864లో బూల్ వానలో తడుస్తూ ఇంటి నుంచి కాలేజీకి నడిచి వెళ్లి, ఆ తడి బట్టలతోనే పాఠం చెప్పి, జబ్బు పడి డిసెంబర్ 8న పోయాడు. నలభై తొమ్మిదేళ్లు. ఒక్కరోజు సెలవు పెట్టి ఉంటే ఏం పోయేదని నేను ఆయన లైబ్రరీ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అనుకునేదాన్ని.

పీహెచ్‌డీ అయ్యాక మూడేళ్లు పోస్ట్‌డాక్ గా ఉన్నాను. అప్పుడు ఫస్టియర్ ల్యాబు చూసే బాధ్యత కొంత నా మీద పడి, దరఖాస్తులు చదివే పక్కకి వచ్చాను. మనవాళ్ల కాగితాలు దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని. "రెస్పెక్టెడ్ సార్" తో మొదలవుతాయి. కష్టపడి పనిచేస్తాను అని నాలుగుసార్లు ఉంటుంది. ఎక్కడ కష్టపడ్డారో ఉండదు. ఒక అమ్మాయిని పిలిచి విడిగా అడిగితే, ఊళ్లో టెన్త్ తప్పిన పిల్లలకి వేసవిలో సైన్సు చెప్పి పాస్ చేయించిందని తెలిసింది. "రాయలేదేమమ్మా?" అంటే, "అది ఫ్రీగా చెప్పాను మేడమ్" అంది. జీతం తీసుకోనిది అనుభవం కాదని మనకెవరు చెప్పారో! ఆ అమ్మాయికి పని వచ్చింది. ఇప్పుడు ఎక్కడో లెక్చరర్.

సరే, ఇందాక అన్న పొరపాటు. ఇది చెప్పడానికే నేను ఇంతదూరం వచ్చాను.

మా అక్కా బావగారూ అనకాపల్లి దగ్గర పల్లెలో ఉంటారు. చెరకు పొలం ఉంది. 2021లో వాళ్లబ్బాయి ఐర్లండులో ఎమ్మెస్సీ చేస్తానన్నాడు. ఏడాది కోర్సు. బావగారు ఫోన్ చేసి, "ఖర్చు ఎలా అమ్మా?" అన్నారు. నేను వంట చేసుకుంటూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, "ఇక్కడ డెమాన్‌స్ట్రేటర్ పని దొరుకుతుంది లెండి బావగారూ, నేను చేశాను కదా" అన్నాను. అంతే. పది సెకన్లు పట్టిందో లేదో. తర్వాత విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాడు దానికి ఇంకో రెండు చుక్కలు వేసి "టీఏ గ్యారంటీ" అన్నాడట. పొలం బ్యాంకులో పెట్టి అప్పు తీశారు.

నేను చెప్పనిది ఏమిటంటే, ఆ పని ముఖ్యంగా పీహెచ్‌డీ వాళ్లది. ఏడాది ఎమ్మెస్సీ వాళ్లకి అరుదుగా దొరుకుతుంది. దొరికినా గంటల లెక్కన జీతం, ఫీజులో పైసా తగ్గదు. అమెరికాలో పీహెచ్‌డీకి చేరే వాళ్లకి అడ్మిషన్ తో పాటే టీఏ ఇచ్చి, ఫీజు మాఫీ చేసి, స్టైపెండ్ ఇచ్చే పద్ధతి చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఆ ఆర్థిక సాయం ఒప్పుకోవడానికి ఏప్రిల్ 15 దాకా గడువివ్వాలన్న ఒప్పందం కూడా చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మధ్య ఉంది. ఐర్లండులో పీహెచ్‌డీ స్కాలర్‌షిప్ వేరు, ల్యాబు గంటలు వేరు. ప్రభుత్వ పరిశోధనా స్కాలర్‌షిప్ 2024లో ఏడాదికి 22,000 యూరోలు, 2025లో 25,000 చేశారు. అది పరిశోధనకి. అది కూడా పోటీలో నెగ్గిన వాళ్లకి.

వాడు వచ్చాడు. దరఖాస్తు పెట్టాడు. పీహెచ్‌డీ వాళ్లతోనే గంటలు నిండిపోయాయన్నారు. ఆ ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చి, పప్పూ అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా, "పిన్నీ, నువ్వు చెప్పావు కదా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

రాత్రి బావగారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు అబద్ధం చెప్పలేదులేమ్మా, మేమే సగం విన్నాం" అన్నారు. ఆయన పెద్దమనసు అది. సగం చెప్పింది నేను.

రెండో సెమిస్టర్లో వాడికి వారానికి రెండు గంటల పని దొరికింది. మిగతా గంటలు సూపర్ మార్కెట్లో. అక్కడి నిబంధన ప్రకారం విదేశీ విద్యార్థి చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలి. ల్యాబు గంటలూ అందులోకే వస్తాయి, అది చాలామందికి తెలియదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా 40 గంటలు చేయొచ్చు. మొదటి జీతంలో సగానికి దగ్గరగా పన్ను కింద పోతే వాడు బెంబేలెత్తాడు. పన్ను శాఖలో ముందుగా పేరు నమోదు చేసుకోకపోతే అత్యవసర పన్ను పట్టుకుంటారు, తర్వాత తిరిగిస్తారు. కోర్సయ్యాక ఎమ్మెస్సీ వాళ్లకి ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్ల దాకా అనుమతి ఉంటుంది. ఆ రెండో ఏట వాడికి మా ఊరి దగ్గరే క్వాలిటీ కంట్రోల్లో ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ వాయిదాలు కడుతున్నాడు. పొలం కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

అప్పటి నుంచి ఊరి నుంచి ఎవరు ఫోన్ చేసినా నేను నోటితో చెప్పడం మానేశాను. ఒక కాగితం రాసి పెట్టుకున్నాను. ఒక పక్క ఫీజు, అద్దె, తిండి, బస్సు. ఇంకో పక్క విశ్వవిద్యాలయం ఉత్తరంలో రాసిచ్చిన డబ్బు మాత్రమే. రాసివ్వనిది సున్నా. గంటకి ఇరవై యూరోలే అనుకోండి, వారానికి నాలుగు గంటలు, ఏడాదికి ఇరవై వారాలు. మొత్తం 1,600. ఫీజేమో ఇరవై వేల చుట్టుపక్కల. ఈ రెండంకెలు పక్కపక్కన చూశాక కూడా వస్తామంటే సంతోషం, మా ఇంట్లో భోజనం ఉంటుంది.

ఇక్కడున్న మీలో చాలామందికి ఊరి నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ కాగితం జిరాక్సులు తెచ్చాను, వెనక టేబుల్ మీద సమోసాల పక్కన పెట్టాను. డాలర్లలోకి మీరే మార్చుకోండి. పిల్లలెవరైనా ఇంటర్వ్యూకి ప్రాక్టీసు చేయాలంటే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, టీ తెచ్చుకుని రండి. పాలు విడిగా తెచ్చుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. నాలుగింటికి ఈ హాలు అష్టావధానం వాళ్లకి ఇచ్చేయాలట.